రెండు మూడు నిమిషాల తిట్లు

ఆ ఊరి పేరు అక్షరాల్ని బట్టి చదివితే ఎలుక కలుగు. పలికేటప్పుడు మాత్రం మౌజల్ అనాలి. పెంజాన్స్‌లో బస్సెక్కి "మౌస్‌హోల్‌కి ఒక టికెట్" అన్నాను. డ్రైవరు నవ్వలేదు. "మౌజల్" అని మెత్తగా సరిదిద్ది టికెట్ చేతిలో పెట్టాడు. సీట్లో కూర్చున్నాక అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు నేను "సేపలు" అన్నప్పుడల్లా అంతే మెత్తగా, అంతే పట్టుదలగా "చేపలు" అని సరిదిద్దేది. స్కూలు టీచరు కదా! ఆమె తల్లి, అంటే మా అమ్మమ్మ, భీమిలిలో జీవితమంతా సేపలే అమ్మింది. "చేపలు" ఎప్పుడూ అమ్మలేదు.

2024 సెప్టెంబరులో ఒక సదస్సులో పేపరు చదవడానికి ఇంగ్లండు వెళ్ళాను. సదస్సు అయిపోయాక మూడు రోజులు మిగిలాయి. తోటివాళ్ళు లండన్ మ్యూజియాలు చూడమన్నారు, ఒకరిద్దరు షేక్‌స్పియర్ పుట్టిన ఊరికి వెళ్దాం రమ్మన్నారు. నేను పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి ఐదు గంటల పైచిలుకు కూర్చుని, ఆ దేశానికి నైరుతి మూలన, పట్టాలు సముద్రం దగ్గర ఆగిపోయేచోట దిగాను. ఆ ప్రాంతాన్ని కార్న్‌వాల్ అంటారు. అక్కడినుంచి మౌజల్ మూడు మైళ్ళు. ఎందుకు వెళ్ళానంటే, చేపలమ్ముకుని బతికి 1777లో చనిపోయిన ఒక ముసలావిడ కోసం. పేరు డాలీ పెంట్రీత్. కార్నిష్ భాష పుట్టుకతో మాట్లాడినవాళ్ళలో ఆఖరి మనిషి అని ఆవిడకి పేరు. భాషల చావు గురించి రాసిన ప్రతి పుస్తకంలోనూ ఒక వాక్యంగా వచ్చి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క వాక్యం నన్ను చాలా ఏళ్ళుగా ఎందుకో గుచ్చుతూనే ఉంది.

నాకు గది అద్దెకిచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. పేరు పెట్టి పిలవమంది. నాకు నోరు రాలేదు. ఉన్న రెండు రోజులూ ఏ పేరూ పెట్టకుండా "ఎక్స్‌క్యూజ్ మీ"తో నెట్టుకొచ్చాను. దిగిన వెంటనే ఆవిడ ఒక జిరాక్సు కాగితం ఇచ్చింది. ఊళ్ళో చేయదగ్గ పనులు వరసగా రాసి ఉన్నాయి. రేవు చుట్టూ నడవడం. స్టార్‌గేజీ పై గురించి తెలుసుకోవడం. పక్షుల ఆసుపత్రి. డాలీ ఇల్లు. గుట్ట మీద పాల్ అనే ఊళ్ళో చర్చి. తీరం వెంట లమోర్నా దాకా నడక. డాలీ ఇల్లు అన్న మాట పక్కన ఆవిడ పెన్నుతో "ఫొటోకి బాగుంటుంది" అని రాసింది.

కాగితంలో చెప్పినట్టే మొదట రేవుకి వెళ్ళాను. రెండు రాతి గోడలు చేతులు చాచి కాస్తంత నీటిని కౌగిలించుకున్నట్టుంటుంది. ఆ చేతుల మధ్య సందు చాలా చిన్నది. చలికాలంలో తుఫాను అలలు లోపలికి రాకుండా ఆ సందుకి పెద్దపెద్ద దుంగలు అడ్డంగా దించి మూసేస్తారట. నేను వెళ్ళేసరికి ఆటు సమయం. నీళ్ళు వెనక్కి పోయి, పడవలు ఇసకలో పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాయి. ఎదురుగా చిన్న రాతి దీవి. వాసన మాత్రం నాకు కొత్త. ఉప్పు వాసన ఉంది, నాచు వాసన ఉంది, ఎండుచేపల వాసన లేదు. రేవంటే నాకు ఆ వాసనే. అది లేకపోతే ఏదో సినిమా సెట్టులో తిరుగుతున్నట్టుంది. సందుల్లో గ్రానైటు ఇళ్ళు ముచ్చటగా ఉన్నాయి. చాలా గుమ్మాల పక్కన తాళంచెవులు పెట్టుకునే చిన్న ఇనప డబ్బాలు. సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళన్నమాట. చేపలు పట్టినవాళ్ళ పిల్లలు ఇప్పుడు ఈ ధరలకి ఇక్కడ ఇల్లు కొనలేరని మా ఇంటావిడే చెప్పింది. తనూ ఇరవై ఏళ్ళ కిందట వేరే ఊరినుంచి వచ్చి స్థిరపడినదే. ఆ మాట కూడా తనే చెప్పింది, కొంచెం తప్పు ఒప్పుకున్నట్టుగా.

స్టార్‌గేజీ పై సెప్టెంబరులో దొరకలేదు. అది డిసెంబరు 23 రాత్రి వంటకం. గోధుమపిండి రొట్టె మూతలోంచి పిల్చర్డు చేపల తలలు పైకి పొడుచుకొచ్చి ఆకాశంలోకి చూస్తుంటాయి. పిల్చర్డు అంటే మన కవళ్ళలాంటి చేప. ఒక ఏడాది తుఫానులు ఆగక ఊరంతా పస్తులుంటే, టామ్ బాకాక్ అనే జాలరి ప్రాణాలకి తెగించి వేటకెళ్ళి ఏడు రకాల చేపలు తెచ్చాడని, వాటితో ఈ వంటకం చేశారని ఊరి కథ. ఆంటోనియా బార్బర్ అనే రచయిత్రి 1990లో దీన్ని పిల్లల కథగా రాస్తూ, టామ్ పెంచుకున్న పిల్లిని నాయికగా పెట్టింది. సముద్రాన్ని శాంతింపజేసేది ఆ పిల్లే. ఎవరో ఒక ఆడప్రాణికి ఘనత దక్కింది కదా అని సంతోషించాను. ఏడు రకాల చేపల ముళ్ళు తీసి, ఊరందరికీ సరిపడా పిండి కలిపినవాళ్ళ పేర్లు మాత్రం అసలు కథలోనూ లేవు, పిల్లి కథలోనూ లేవు.

ఆ ఊళ్ళో డిసెంబరులో రేవంతా దీపాలు పెడతారు. 19వ తేదీ రాత్రి మాత్రం కాసేపు ఆర్పేస్తారు. 1981 డిసెంబరు 19న యూనియన్ స్టార్ అనే ఓడ తుఫానులో చిక్కుకుంటే, ఈ ఊరి మగవాళ్ళు ఎనిమిది మంది లైఫ్‌బోటు వేసుకుని వెళ్ళారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఓడలో ఉన్న ఎనిమిది మందీ పోయారు, వాళ్ళలో కెప్టెను భార్య, ఆవిడ ఇద్దరు టీనేజి కూతుళ్ళు కూడా ఉన్నారు. న్యూలిన్ వెళ్ళే దారిలో ఆ పాత లైఫ్‌బోటు స్టేషను ఉంది, పక్కనే చిన్న తోట. అక్కడ నేను ఎక్కువసేపు నిలబడలేదు. ఒడ్డున ఎదురుచూడడం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరూ నాకు వర్ణించి చెప్పనక్కర్లేదు.

డాలీ ఇల్లు సన్నటి సందులో ఉంది. గోడకి పలక బిగించి, కార్నిష్ మాతృభాషగా మాట్లాడిన చివరివాళ్ళలో ఒకరు ఇక్కడ ఉండేవారని రాశారు. ఫొటో తీసుకున్నాను. ఫొటోకి బాగానే ఉంది. తరవాత ఎదురింటి మెట్టు మీద కూర్చున్నాను. నేను వెతుక్కుంటూ వచ్చింది నిజానికి ఆ ఇంటిని కాదు, ఆ ఎదురింటి మెట్టుని.

ఆ సంగతి చెప్పాలి. 1768లో డెయిన్స్ బారింగ్టన్ అనే న్యాయవాది, పురాతన విషయాల మీద ఆసక్తి ఉన్నాయన, కార్నిష్ మాట్లాడేవాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలారా అని వెతుక్కుంటూ ఈ ప్రాంతానికి వచ్చాడు. దారి చూపించడానికి పెంజాన్స్‌లో సత్రం నడిపే మనిషి వెంట వచ్చాడు. మౌజల్‌లో ఒక ముసలావిడ ఆ భాష మాట్లాడుతుందని అతనే చెప్పాడు. నీకెలా తెలుసని బారింగ్టన్ అడిగితే, తాను చేపలు కొనడానికి అక్కడికి వెళ్తుంటాననీ, తనిచ్చే ధర ఆవిడకి నచ్చకపోతే పక్కనున్న ఇంకో ముసలావిడతో ఏదో తెలియని భాషలో సణుగుతుందనీ, అది కార్నిష్ అయి ఉంటుందని తాను అనుకున్నాననీ చెప్పాడు. సరే, ఇద్దరూ వచ్చారు. కార్నిష్ మాట్లాడగలవాళ్ళు ఎవరూ లేరని పందెం కాసిన మనిషిగా తనని ఆవిడకి పరిచయం చేయమన్నాడు బారింగ్టన్. అలా చేస్తే ఆవిడ నోరు తెరుస్తుందని ఎత్తు. ఎత్తు పారింది. డాలీ రెండు మూడు నిమిషాలపాటు కోపంగా ఏదేదో అంది. అది వెల్ష్ భాషలా వినిపించిందని ఆయన రాసుకున్నాడు. ఎదురుగా రెండిళ్ళ గుమ్మాల్లో నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు ఆ మాటలు విని నవ్వుతున్నారు. ఆవిడ నన్ను తిడుతోందా అని వాళ్ళనడిగాడు. ఔను, బాగానే తిడుతోంది, ఆవిడకి ఆ భాష రాదని నువ్వు అనుకున్నందుకు, అన్నారు వాళ్ళు. అయితే మీకూ భాష వచ్చన్నమాట అన్నాడు. గడగడా మాట్లాడలేం, అర్థమవుతుంది, ఆవిడకన్నా పది పన్నెండేళ్ళు చిన్నవాళ్ళం అన్నారు.

ఈ కథనం ఆయన లండన్‌లోని పురావస్తు పండితుల సంఘానికి సమర్పించాడు. అచ్చయింది. డాలీ ప్రసిద్ధురాలైంది. నేను దాన్ని మొదటిసారి ఎం.ఏ.లో చదివినప్పుడు, అందరిలాగే, ఒక భాష ఆఖరి గొంతు అని కన్నీళ్ళు పెట్టుకున్నాను. పీహెచ్‌డీ అయ్యాక మళ్ళీ చదివితే వేరే ప్రశ్న వచ్చింది. ఆ రెండు మూడు నిమిషాలు ఆవిడ ఏమంది? ఆయన ఒక్క మాట కూడా రాసుకోలేదు. అంత దూరం గుర్రం మీద వచ్చింది ఆ భాష వినడానికే కదా! విన్నాడు, ఉందని రుజువైంది, పందెం తేలింది, వెళ్ళిపోయాడు. ఏమందో అడగడానికి అర్థం చెప్పగలిగినవాళ్ళు ఇద్దరు ఎదురుగుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నారు. తిట్టిందా అని మాత్రమే అడిగాడు. ఏమని తిట్టిందని అడగలేదు.

ఇంకో సంగతి. ధర కుదరనప్పుడు పక్కావిడతో సణిగేదని సత్రం మనిషే చెప్పాడు. వినడానికి, అర్థం చేసుకోవడానికి ఒక మనిషి లేకుండా ఎవరూ సణగరు. అంటే బజారులో ఇద్దరున్నారు, గుమ్మాల్లో ఇద్దరున్నారు. విలియం బోడినార్ అనే జాలరి 1776లో బారింగ్టన్‌కే కార్నిష్‌లో ఉత్తరం రాశాడు. చిన్నప్పుడు తండ్రితో, ఇతర మగవాళ్ళతో పడవలో వేటకెళ్ళి ఆ భాష నేర్చుకున్నానని, ఊళ్ళో ఎనభై ఏళ్ళ ముసలివాళ్ళు నలుగురైదుగురు ఇంకా మాట్లాడతారని అందులో ఉంది. ఆయన 1789 దాకా బతికాడు. ఇంతమంది కళ్ళెదుట ఉండగా డాలీ ఒక్కతే ఆఖరి మనిషి ఎలా అయిపోయింది? ఒంటరి ముసలిది, పేదది, నోటి దురుసు మనిషి. కథకి సరిగ్గా అతుకుతుంది. కథకి మిగతావాళ్ళు అడ్డం.

డాలీ చిన్నతనం గురించి ఒక వివరం నమోదై ఉంది. పన్నెండేళ్ళప్పుడు తండ్రి ఆమెని చేపలతో పెంజాన్స్ బజారుకి పంపేవాడట. అక్కడ కార్నిష్‌లోనే అమ్మేది. పెద్దింటివాళ్ళకి కూడా అప్పుడా భాష అర్థమయ్యేదట. ఇరవై ఏళ్ళు దాటేదాకా తనకి ఇంగ్లీషు ముక్క రాదని ఆమె చెప్పుకుంది. అంటే ఆమె జీవితకాలంలోనే ఆ భాష బేరం ఆడే చోటునుంచి బేరగాణ్ణి తిట్టుకునే చోటుకి జరిగింది. కొనేవాడితో ఇంగ్లీషు, పక్కావిడతో కార్నిష్. ఒక భాష ఊపిరి ఆగిపోయే ముందు దాక్కునే ఆఖరి గది ఇద్దరు ఆడవాళ్ళ సణుగుడేమో. దీని వెనక చాలా రక్తం ఉంది. 1549లో చర్చిలో ఇంగ్లీషు ప్రార్థనా పుస్తకాన్ని రుద్దినప్పుడు కార్న్‌వాల్ జనం తిరగబడితే వేలమందిని చంపారు. గుడిలోంచి పోయిన భాష తరవాత కచేరీలోంచి, బజారులోంచి పోతూ పోతూ చేపల గంప దగ్గరకొచ్చి ఆగింది. ఆ గంపకి అక్కడి ఆడవాళ్ళు వాడిన పేరు కావల్. అది కార్నిష్ మాటే. భాష పోయినా గంప పేరు ఇంగ్లీషులో కలిసి ఇంకో వందేళ్ళు బతికింది. మన ఆడవాళ్ళు చుట్టకుదురు పెట్టి గంప నెత్తిన మోస్తారు. వాళ్ళు వీపున మోస్తూ, పట్టీని నుదుటికి తగిలించుకునేవాళ్ళు. పక్కనున్న న్యూలిన్ నుంచి మేరీ కెలినాక్ అనే ఆవిడ ఎనభై నాలుగేళ్ళ వయసులో 1851 మహా ప్రదర్శన చూడడానికి లండన్ దాకా నడిచే వెళ్ళింది. ఆ నడక ముందు నా ఐదు గంటల రైలు ప్రయాణం ఎంత!

మర్నాడు పొద్దున పాల్ చర్చికి గుట్ట ఎక్కాను. అర మైలే గానీ నిటారు. ప్రహరీ గోడలో రాతి స్మారకం ఉంది. 1860లో పెట్టించింది ప్రిన్స్ లూయీ లూసియన్ బోనపార్ట్, నెపోలియన్ తమ్ముడి కొడుకు, భాషా పండితుడు. ఊరి చర్చి ఫాదరీ కూడా చెయ్యి వేశాడు. ఇద్దరి పేర్లూ రాతి మీద ఉన్నాయి. బతికుండగా ధర దగ్గర గీచిగీచి బేరమాడిన లోకం, చచ్చిపోయాక ఎనభై మూడేళ్ళకి రాయి చెక్కించింది. రాతి మీద ఇంగ్లీషులోనూ, కార్నిష్‌లోనూ ఒక బైబిలు ఆజ్ఞ ఉంది. తల్లిదండ్రుల్ని గౌరవించమని. డాలీ పెళ్ళి చేసుకోలేదు. 1729లో ఆమెకి కొడుకు పుట్టాడు, వాడికి తన ఇంటిపేరే పెట్టింది. ఆమె కోసం ఎంచి ఎంచి ఆ వాక్యం చెక్కించారంటే నాకు నవ్వొచ్చింది. ఆ కొడుకు గురించి ఊరు ఆమెని ఏమని ఉంటుందో, దానికి ఆమె ఏమని జవాబిచ్చి ఉంటుందో, అదీ కార్నిష్‌లోనే అయి ఉంటుంది. ఆమెకి అలవాటని చెప్పుకునే తిట్టు ఒకటి జనం నోట మిగిలింది. వికారపు నల్లకప్పా అని. ప్రిన్స్ గారు దాన్ని చెక్కిస్తే ఎంత బాగుండేదో!

తిట్ల గురించి నేను గారంగా రాస్తున్నానని నాకే అనిపిస్తోంది. స్త్రీవాదులకి తిట్లతో తగాదా ఉంది, ఉండాలి కూడా. మన తిట్లలో సగానికి పైగా తిట్టేది మగవాణ్ణయినా తగిలేది వాడి తల్లికి, ఆలికి, అక్కకి. మా అమ్మమ్మ నోట కూడా అవి వచ్చేవి. కానీ అవే కాదు. "నీ జిమ్మడ" అని మొదలుపెట్టి, అవతలివాడి వల, వాడి తెడ్డు, వాడి తూకంరాయి, వాడు రేపు పొద్దున తినబోయే కూడు, ఒక్కొక్కదాన్నీ పేరు పేరునా పలకరిస్తూ పోయేది. ఎక్కడా ఊపిరి తీసుకోదు. అందులో ఒక లయ ఉండేది, సొంత కల్పన ఉండేది, బేరగాడి మొహం చూసి అప్పటికప్పుడు కట్టేది. చదువుకున్నవాళ్ళం మనం గొడవగా ఉన్న మీటింగుని చేపల మార్కెట్టు అంటాం. ఇంగ్లీషువాళ్ళు చేపలమ్మే ఆవిడ అనే మాటనే నోటి దురుసు ఆడదానికి పేరుగా నిఘంటువులోకి ఎక్కించారు. తెల్లారకముందే లేచి, దళారీతో, హోటలువాడితో, బస్సు కండక్టరుతో, ఇంటికెళ్ళాక తాగొచ్చిన మొగుడితో బేరమాడాల్సినదానికి నోరు తప్ప ఏ ఆయుధం ఉంది? ఆ నోరు మూయించడానికి ఒక బడి, ఒక వ్యాకరణం, ఒక మర్యాద కావాలి. మా అమ్మకి అవి దొరికాయి. అమ్మ ద్వారా నాకు దొరికాయి. నా డాక్టరేటు వాటి మీదే నిలబడి ఉంది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా లేదు, సుఖంగానూ లేదు.

పక్షుల ఆసుపత్రి దాకా వెళ్ళాను. 1928లో డొరతీ, ఫిలిస్ యగ్లీసియస్ అనే అక్కచెల్లెళ్ళు దెబ్బ తగిలిన ఒక కాకిజాతి పిట్టని తెచ్చి సాకడంతో మొదలైందది. 1967లో టోరీ కాన్యన్ అనే నూనె ఓడ ఆ సముద్రంలో బద్దలైనప్పుడు చమురులో మునిగిన పక్షుల్ని వేలకొద్దీ ఇక్కడికే తెచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళు పెరట్లో మొదలుపెట్టిన పని అంత పెద్దదయింది. నేను వెళ్ళినప్పుడు ఒంటిరెక్క సీగల్ ఒకటి నన్ను చూసి గట్టిగా అరిచింది. అండమాన్‌లో బోవా సీనియర్ గుర్తొచ్చింది. బో భాష మాట్లాడిన ఆఖరి మనిషి, 2010లో చనిపోయింది. తన మాట అర్థం చేసుకునేవాళ్ళు లేక పక్షులతో మాట్లాడేదని ఆమెతో పనిచేసిన భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బీ చెప్పింది. అన్విత ఆమె పాటలూ మాటలూ నవ్వూ రికార్డు చేసింది. అదీ తేడా. మా అమ్మమ్మ తమ్ముడొకాయన వేటకని అండమాన్ వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆయన మాట్లాడే తెలుగు ఇప్పుడు ఎలా ఉందో నాకు తెలియదు. అడగనూ లేదు.

లమోర్నా దాకా నడవలేదు. వాన మొదలైంది.

ఆ రోజు ఫలహారం దగ్గర మా ఇంటావిడ "మీ భాషలో ఏదైనా అనండి, వినాలని ఉంది" అంది. ఆవిడ మనసులో ఏ చెడూ లేదు. నేను "నమస్కారం, మీ ఊరు చాలా అందంగా ఉంది" అన్నాను. ఎంత శుభ్రంగా అన్నానంటే, రేడియో వార్తల్లో వేసుకోవచ్చు. "ఎంత మధురంగా ఉందో" అంది ఆవిడ. అమ్మమ్మ అయితే ఏమనేదో ఆలోచించాను. కాఫీ చల్లారిపోయింది.

2012లో నా పరిశోధన కోసం ఉత్తరాంధ్ర మత్స్యకార స్త్రీల పాటలు సేకరిస్తున్నాను. 'మనకు తెలియని మన చరిత్ర' చదివి రికార్డరు పట్టుకున్న తరం మాది. ఆడవాళ్ళ గొంతుల్ని ఉన్నదున్నట్టు వినాలని కంఠతా వచ్చు. లాలిపాటలు, పెళ్ళిపాటలు, గంగమ్మ పాటలు, సామెతలు, పొడుపుకథలు అని అధ్యాయాలు వేసుకున్నాను. ఒక పొద్దున భీమిలి రేవులో అమ్మమ్మ పక్కన కూర్చుని రికార్డరు నొక్కాను. "పాటలా? నాను పాటలు పాడుకుంటా కూకుంతే సేపలెవులు అమ్ముతారే గుంటా?" అంది. అయినా నా కోసం ఒక వలలాగే పాట ఎత్తుకుంది. రెండు చరణాలయ్యాయి. ఇంతలో ఒక హోటలాయన వచ్చి గంప మొత్తానికి కలిపి ఒక ధర చెప్పాడు. అమ్మమ్మ పాట ఆపేసి లేచింది.

నేను పాజ్ నొక్కాను.

బ్యాటరీ కోసం అని చాన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఆ టేపు మా గైడు గారు వింటారన్నది అసలు సంగతి. అది ఎవరి గొంతో ఆయనకి నేను చెప్పలేదు. వివరాల పట్టికలో "వక్త: మత్స్యకార స్త్రీ, వయసు 70" అని రాశాను. బంధుత్వం గడి లేదు కదా అందులో. అమ్మమ్మ ఆ హోటలాయనతో ఎంతసేపు మాట్లాడింది? రెండు మూడు నిమిషాలు. ఏమంది? ఒక్క మాట గుర్తులేదు. నేను బారింగ్టన్‌ని ఎంత హేళన చేస్తూ రాశానో పైన మీరు చదివారు. ఆయనకి భాష రాదు. నాకు వచ్చు.

మళ్ళీ నొక్కినప్పుడు టేపులో మొదట వినిపించేది పాట కాదు. ఒక నవ్వు తోక. అమ్మమ్మ పక్కన ఎప్పుడూ కూర్చునే ఆవిడ, నేను చిన్నమ్మమ్మ అని పిలిచేదాన్ని, పొట్ట పట్టుకుని నవ్వుతున్న నవ్వు చివర. తరవాత అమ్మమ్మ గొంతు: "ఊ, ఎక్కడున్నామే పాటలోన?" నా థీసిస్‌లో పాట మొత్తం ఉంది, పదాలకి అర్థాలతో సహా. అమ్మమ్మ 2016లో పోయింది.

డాలీ ఎదురింటి మెట్టు మీద నాకు గుర్తొచ్చింది ఆ నవ్వు. రెండో రోజు వాన తగ్గాక మళ్ళీ అక్కడికే వెళ్ళాను. మధ్యాహ్నం ఒంటిగంట, అంటే భీమిలిలో సాయంత్రం ఐదున్నర. చిన్నమ్మమ్మ మనవడి నంబరు నా దగ్గరుంది. వాడికి ఫోన్ చేసి ఆవిడకి ఇమ్మన్నాను. ఎనభైకి దగ్గరపడింది, వినికిడి తగ్గింది. నేనెవరో చెప్పడానికే కాసేపు పట్టింది. ఎక్కడున్నావంటే లండన్ అవతల, సముద్రం పక్కన అన్నాను. "అక్కడ సేపలున్నాయేటి?" అంది. ఉన్నాయన్నాను.

తరవాత అడిగాను. ఆ రోజు, నేను మిషను పట్టుకుని కూర్చున్న రోజు, హోటలాయన వచ్చినప్పుడు అమ్మమ్మ ఏమంది చిన్నమ్మమ్మా, నువ్వెందుకలా నవ్వేవు?

కాసేపు ఏమీ వినిపించలేదు. లైను కట్టయిందనుకున్నాను. ఆ తరవాత టేపులో ఉన్న నవ్వే, కొంచెం ముసలిదై, దగ్గుతో కలిసి వచ్చింది.

"ఓలె గుంటా, తిట్లు పోన్లోన సెప్తారేటే? రా. ఎదరగా కూకుంతే సెప్తాను."